ప్రార్థన కూడికలు తగ్గించుకునే ముందు కవరు సంగతి తేల్చుకోండి

వందనాలు తమ్ముడూ. రాయగడ దగ్గర మీ చిన్న సంఘం, వారమంతా ఇళ్ల ప్రార్థనలు, కొండమీద ఇంకో గ్రామం, పాస్టర్ల ఫెలోషిప్‌లో సెక్రటరీ పని, అన్నీ కలిసి ఒంట్లో ఓపిక లేకుండా చేశాయని రాశారు. ఏది వదిలితే సంఘం నొచ్చుకోదు అని అడిగారు. నేను గుణుపురంలో ఒక పాస్టర్‌గారి భార్యని. మా ఇంట్లోనూ ఇదే నడిచింది.

‘రాలేను అని చెప్పడం అలవాటు చేసుకోండి’ అని మీకు చాలామంది చెబుతారు. ఊరికే చెప్పేస్తారు. మనలాంటి సంఘాల్లో చాలాచోట్ల పాస్టర్‌కి జీతమంటూ ఉండదు. పుట్టినరోజు ప్రార్థనకో, గృహప్రవేశానికో వెళ్తే తిరిగొచ్చేటప్పుడు చేతిలో పెట్టే కవరే బండికి పెట్రోలు, పిల్లల ఫీజు. కూడిక మానుకుంటే కవరూ పోతుంది. ఈ మాట పైకి అనడానికి మొహమాటపడతాం కాబట్టి ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

అందుకని ఏ కూడిక ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది తర్వాత. ముందు కమిటీతో కూర్చుని నెలకి ఇంత అని రాయించుకోండి. మా సంఘంలో అలా తేల్చాక, ఇళ్లలో ఇచ్చే కవర్లు కానుక పెట్టెలో వెయ్యాలని పెద్దలు అన్నారు. ట్రెజరర్ గారు మొదట గొణిగారు, పెట్టె తెరిచాక మానేశారు. అప్పటినుంచి ఎవరింటికి వెళ్లాలన్నది అవసరాన్ని బట్టే తేలుతోంది. మంచం పట్టిన మనిషి దగ్గర మా ఆయన ఇప్పుడు గడియారం చూసుకోకుండా కూర్చుంటున్నారు.

ఏవి ఎవరికి అప్పగించాలి అన్నదానికి బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం చాలు. చిన్న సంగతులు పెద్దలు చూడాలి, కష్టమైనవి మోషే దగ్గరికి రావాలి. ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్న మోషేకి ఆ మాట చెప్పింది సంఘం వాళ్లు కాదు, మామగారు. అదీ మోషే భార్యనీ ఇద్దరు కొడుకులనీ వెంటబెట్టుకుని వచ్చి చెప్పాడు! ఆ అధ్యాయం మీద వాక్యం చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో మరి.

మా దగ్గర చావు, జబ్బు, మొగుడూపెళ్లాల గొడవ, ఈ మూడింటికీ పాస్టర్‌గారే వెళ్తారు. గృహప్రవేశాలకి పెద్దలు. పుట్టినరోజులన్నీ కలిపి నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒకే ప్రార్థన. నొచ్చుకునేవాళ్లు ఉంటారు. ఒక పెద్దావిడ ఇంటికి సంఘపెద్ద వెళ్తే, గుమ్మంలోనే ఆయన వెనక్కి తొంగిచూసి, ‘అయ్యగారు బండి పెట్టి వస్తున్నారా?’ అని అడిగిందట. లేదంటే మొహం మాడ్చుకుంది. పోనివ్వండి. రెండోసారి టీ కూడా ఇచ్చింది.

కొండమీద గ్రామాన్ని మాత్రం వదిలెయ్యకండి, మనిషిని తయారు చెయ్యండి. మేం వెళ్లే సవర గిరిజనుల గ్రామంలో మా ఆయన తెలుగులో ఒక్కో మాటా చెబితే పక్కన ఒకబ్బాయి సవరలో చెప్పేవాడు. గంట వాక్యం రెండు గంటలయ్యేది, ముసలివాళ్లు కునుకు తీసేవాళ్లు. ఇప్పుడు ఆ అబ్బాయే నేరుగా చెబుతున్నాడు. ఈయన వెళ్లేది రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆరాధనకి, బాప్తిస్మాలకి. నిజం చెప్పాలంటే ఆ అబ్బాయి చెప్పేదే వాళ్లకి బాగా ఎక్కుతోంది.

ఫెలోషిప్ పదవి మధ్యలో వదలకండి, లేనిపోని మాటలొస్తాయి. గడువు అయ్యాక లెక్కల పుస్తకం అప్పజెప్పి రండి. ఇక సోమవారం విశ్రాంతి తీసుకుని, ఆ రోజు ఫోను మీ ఆవిడ చేతికివ్వండి. అర్జెంటు ఏదో, ఆగేది ఏదో ఆడవాళ్లకి మొదటి మాటలోనే తెలిసిపోతుంది.

అసలు పరీక్ష డిసెంబరులో. పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్ అని ఆఫీసులు, స్కూళ్లు, వీధులు, పార్వతీపురం వైపు బంధువుల సంఘాలు, అందరూ ఒకేసారి పిలుస్తారు. రాత్రి క్యారల్స్ వేరే. నవంబరులో చెబితే అప్పటికే అందరూ మాట తీసేసుకుని ఉంటారు. అక్టోబరులోనే, ఈసారి పాస్టర్‌గారు బయట ఇన్ని కూడికలకే వస్తారని ఆరాధనలో ప్రకటన చేయించండి. ఆ ప్రకటన మీరు చెయ్యకండి, కమిటీ సెక్రటరీ చేత చేయించండి. మీరు చెబితే ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే ‘మా ఒక్క ఇంటికీ’ అంటూ పట్టుకుంటారు.