అప్పు ఏ కరెన్సీలో తీసుకుంటున్నావమ్మా?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వాతావరణ మార్పులను ఎదుర్కొనే ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే పనిలో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ దారిలో చాలా ఏళ్లు నడిచినవాణ్ని కదా, గోతులు ఎక్కడున్నాయో తెలుసు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. మనుషుల్ని కలవకుండా నివేదిక రాయకు. సౌర విద్యుత్తు పథకమైతే బ్యాటరీలు మార్చే ఖర్చు మొదటి రోజే పక్కన పెట్టు. ఇస్తామన్న సొమ్మును వచ్చిన సొమ్ముగా రాసుకోకు. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకు 2009 వాతావరణ సదస్సులో, కోపెన్‌హేగన్‌లో మాట ఇచ్చాయి. అది నెరవేరింది 2022లో. అలా వచ్చిన ప్రభుత్వ నిధుల్లోనూ ఎక్కువ భాగం అప్పే. 2024లో బాకూ సదస్సులో 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్నారు. అందులో అప్పు ఎంతో అడుగుతూనే ఉండాలి.

అప్పు అనగానే నాకు గుండె ఎందుకు దడదడలాడుతుందో మీ నాన్నకు కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

డీజిల్ ఇంజన్లతో సాయంత్రం పూట మాత్రమే దీపాలు వెలిగే కొన్ని ఊళ్లకు సౌర విద్యుత్తు ఇచ్చే పథకం నా చేతికి వచ్చింది. డీజిల్ ఇంజనుకు ఖర్చు రోజూ కొద్దికొద్దిగా అవుతుంది. సౌర ఫలకాలకు దాదాపు ఖర్చంతా మొదట్లోనే. అందుకే అక్కడ ఇంధనం ధర స్థానాన్ని వడ్డీ ఆక్రమిస్తుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే తక్కువ వడ్డీ కోసం వెతికాను. డాలర్ల అప్పుకు వడ్డీ స్థానిక బ్యాంకు అడిగినదానిలో సగం కూడా లేదు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, అరగంటలో సంతకం చేయించాను. తెలివైన పని చేశాననుకున్నాను.

ఊళ్లవాళ్లు బిల్లు కట్టేది వాళ్ల డబ్బులో. మేము వాయిదా కట్టేది డాలర్లలో. నాలుగేళ్లలో వాళ్ల కరెన్సీ విలువలో మూడో వంతు పోయింది. కొత్తగా ఒక్క డాలరు అప్పు చేయకుండానే మా వాయిదా ఒకటిన్నర రెట్లయింది. ఛార్జీలు పెంచాం. కరెంటును నమ్మి అప్పు చేసి కుట్టుమిషను కొనుక్కున్న ఒకావిడ బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సూర్యుడు ధర పెంచాడా అయ్యా?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది. ఆమెకు నేనేం చెప్పను? పేదవాళ్లు ఒక్కొక్కరే కనెక్షను వదులుకున్నారు. మళ్లీ డీజిల్ పొగ మొదలైంది. నా నివేదికలో తగ్గుతాయని రాసిన ఉద్గారాలు నివేదికలోనే మిగిలాయి.

ఆ నష్టభయాన్ని మోసే స్థోమత ఎవరికుందో నేను ఆలోచించనే లేదు. అప్పిచ్చినవాళ్లకు ఉంది. ఆ కుట్టుమిషను ఆవిడకు లేదు. అయినా దాన్ని ఆమె నెత్తిన పెట్టాను.

అందుకే అప్పు స్థానిక కరెన్సీలోనే అడుగు. కాదంటే మారకపు రేటుకు రక్షణ కొను. అంటే, రుసుము తీసుకుని, కరెన్సీ పడిపోతే ఆ నష్టాన్ని వేరొకరు మోస్తారు. సరిగ్గా ఇలాంటి నష్టభయాన్ని తన మీద వేసుకోవడానికే 2007లో టీసీఎక్స్ అనే నిధి ఏర్పడింది. ఆ రక్షణ ఖర్చు ఎక్కువనిపిస్తే, దొరికిన కొద్దిపాటి గ్రాంటును, అంటే తిరిగి కట్టక్కర్లేని సొమ్మును, దానికి వాడు. ప్రారంభోత్సవాల ఫొటోలలో కనిపించదు గానీ, పథకాన్ని నిలబెట్టేది అదే. ఆ ఖర్చు కలపకుండా వడ్డీ తక్కువని మురిసిపోయావంటే మాత్రం ఊరుకోను, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా సరే!

వరద గట్టుకు, తుఫాను హెచ్చరికల వ్యవస్థకు మీటరు బిగించి బిల్లు వసూలు చేయలేం. పేద దేశంలో వాటికి అప్పు తెస్తే తీర్చేది బడి డబ్బుతోనో ఆసుపత్రి డబ్బుతోనో. హరిత వాతావరణ నిధి, అనుసరణ నిధి వంటి అంతర్జాతీయ నిధులను గ్రాంటు కోసమే పట్టుబట్టి అడుగు. మొహమాటపడకు.

చిన్నప్పుడు నా పద్దుల పుస్తకం లాక్కుని కూడికలు తప్పని ఎర్ర పెన్సిలుతో దిద్దేదానివి. కసురుకునేవాణ్ని. తర్వాత చూసుకుంటే చాలాసార్లు నువ్వు దిద్దిందే సరైన లెక్క. సంతకం చేయించిన ఆ అరగంటలో నువ్వు పక్కన ఉంటే బాగుండేదని ఈమధ్య తరచూ అనిపిస్తోంది.

మొదటి ఒప్పందం తయారైనప్పుడు పేర్లు కొట్టేసి, వాయిదాల పట్టిక ఒక్కటి నాకు పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను. చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి.

ఇట్లు,
నీ పెదనాన్న