థర్మల్ సైక్లర్ బదులు మూడు వాటర్ బాత్‌లు సరిపోవా?

వైజాగ్‌లో బయోటెక్ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: పీసీఆర్‌కు (డీఎన్‌ఏ ముక్కకు కోట్ల కాపీలు తీసే పద్ధతి) కావాల్సింది మూడు ఉష్ణోగ్రతలే కదా, వాటిని తనంతట తానే మార్చే థర్మల్ సైక్లర్ అనే అంత ఖరీదైన మెషీన్ ఎందుకు?

ఓపిక ఉంటే సరిపోతాయి. 1980లలో మొదట్లో ట్యూబులను చేత్తోనే ఒక బాత్ నుంచి మరో బాత్‌కు మార్చేవారు. పైగా కొత్త డీఎన్‌ఏను తయారుచేసే అప్పటి ఎంజైమ్ 95 డిగ్రీల దగ్గర పాడైపోయేది, ప్రతి సైకిల్‌కూ (మూడు ఉష్ణోగ్రతల ఒక చుట్టు) మళ్లీ కలపాలి. వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా నుంచి తీసిన టాక్ పాలిమరేజ్ ఆ బాధ తప్పించింది. అది వచ్చాకే ఆటోమేషన్‌కు అర్థం వచ్చింది.

మెషీన్‌లో అసలు పని పెల్టియర్ పలకలది. కరెంటు ఒక దిశలో పంపితే ట్యూబులు కూర్చునే లోహపు బ్లాక్ వేడెక్కుతుంది, దిశ మారిస్తే చల్లబడుతుంది. 95లో డీఎన్‌ఏ పోగులు విడిపోతాయి, 50-65 మధ్య ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అతుక్కుంటాయి, 72లో కొత్త పోగు తయారవుతుంది. లెక్క ప్రకారం 30 సైకిళ్లకు ఒక్క ముక్క నుంచి వచ్చే కాపీలు వంద కోట్లు దాటాలి. నిజానికి అంత రాదు. మెషీన్ మూత సుమారు 105 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి ట్యూబు మూతకు ఆవిరి పట్టదు. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది టచ్ స్క్రీన్‌కు కాదు, 96 గుంటల్లోనూ ఒకే ఉష్ణోగ్రత ఉంచే బ్లాక్‌కు.

మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రన్ అయ్యాక రాత్రంతా 4 డిగ్రీల్లో వదిలేస్తే బ్లాక్ మీద నీళ్లు చేరతాయి, పెల్టియర్‌కూ అనవసరపు శ్రమ. 10-12 పెట్టండి చాలు. యూపీఎస్ మాత్రం తప్పనిసరి, తుపాన్ల రోజుల్లో మరీను.