పుస్తకం వినిపించే యాప్‌కి మీ ఫోన్ మొత్తం ఎందుకు కావాలి?

కొంతకాలంగా నా మెయిల్‌కి ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. చూపు లేనివాళ్లు, చూపు తగ్గిపోయినవాళ్లు తెలుగు పుస్తకాలు వినాలనుకుంటారు, ఎక్కడో ఒకచోట దారి మూసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరో వాట్సాప్‌లో చూపించిన అడ్డదారి పడతారు. ఆ అడ్డదారిలో జరుగుతున్నది చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది. అందుకే ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎలా ఆన్ చేయాలి, గొంతు వేగం ఎలా పెంచాలి లాంటివి ఇక్కడ ఉండవు, అవి మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు: "మా నాన్నగారికి గ్లకోమా వల్ల చూపు దాదాపు పోయింది. నవలలంటే ఆయనకు ప్రాణం. తెలుగు పీడీఎఫ్‌లు దింపి ఫోన్‌లో పెడితే కొన్ని అసలు చదవడం లేదు, కొన్నిటికి ఏవో ఇంగ్లిష్ అక్షరాలు గొణుగుతోంది. ఖరీదైన ఫోన్ కొంటే చదువుతుందా?"

చదవదండి. డబ్బు దాచుకోండి. లోపం ఫోన్‌లో లేదు, ఆ పీడీఎఫ్ తయారు చేసినవాళ్ల దగ్గర ఉంది. చిన్న పరీక్ష చేయండి: పీడీఎఫ్‌లో ఒక వాక్యం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, మీకు మీరే మెసేజ్‌గా పంపుకోండి. అసలు సెలెక్టే కాకపోతే అది పేజీల ఫొటో, స్కాన్ అన్నమాట. సెలెక్టయి, పేస్ట్ చేసేసరికి ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తే అది పాత డీటీపీ ఫాంట్. ఆ ఫాంట్లలో కంటికి 'క' కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఫోన్ పాపం ఉన్నదే చదువుతోంది. ఏ ఫోన్ అయినా 'క'ని 'క'గానే గుర్తుపట్టేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త పుస్తకాన్ని పాత ఫాంట్‌లో కూర్చి, దాని పీడీఎఫ్‌ని ఈ-బుక్ అని అమ్ముతున్నారంటే దాన్ని బద్ధకం అనక ఏమనాలి? చూపున్న పాఠకుడికి తేడా తెలియదు కాబట్టి అడిగేవాడు లేడు.

స్కానైనా, పాత ఫాంటైనా ఓసీఆర్ చేయించాలి, అంటే పేజీ ఫొటోలోని అక్షరాల్ని గుర్తుపట్టించి మామూలు టైపు రాతగా మార్చాలి. పాత ఫాంటైతే ముందు పేజీల్ని ఫొటోలుగా మార్చుకోండి. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే తెలుగు బాగానే గుర్తుపడుతుంది. బాగానే అంటే పూర్తిగా అని కాదు. వత్తులు జారిపోతాయి, 'మ' కాస్తా 'వు' అవుతుంది, థ, ధ ఒకటైపోతాయి. ప్రతి పేజీ నెత్తిన ఉన్న పుస్తకం పేరు, పేజీ నంబరు కూడా వాక్యం మధ్యలో వచ్చి పడతాయి. కథ మంచి పట్టులో ఉండగా "నూట పద్నాలుగు" అని వినిపిస్తే నాన్నగారికి కోపం రాదా? కాబట్టి ఓ పూట కూర్చుని ఆ పేర్లు, పేజీ నంబర్లైనా తీసేసి ఇవ్వండి.

అంతకన్నా ముందు చేయాల్సింది, ఆయన్ని సుగమ్య పుస్తకాలయలో చేర్పించడం. 2016 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ ఇది, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసమే. డైసీ అంటే అధ్యాయం, పేజీ వెతుక్కుంటూ వినగలిగేలా పుస్తకాలు తయారుచేసే పద్ధతి. డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా సభ్య సంస్థలు తయారుచేసిన పుస్తకాలు అందులో ఉంటాయి. వైకల్య ధ్రువపత్రం కావాలి, సభ్యత్వం ఏదో ఒక సభ్య సంస్థ ద్వారా ఉంటుంది. తెలుగు నవలలు మీరు ఆశించినన్ని దొరక్కపోవచ్చు, అది ముందే చెబుతున్నాను. కానీ దొరికినది మాత్రం సరిగ్గా చదువుతుంది.

ఇక నన్ను ఎక్కువ కంగారు పెట్టిన ఉత్తరం ఇది. కరీంనగర్ దగ్గర్నుంచి, గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న ఒక యువకుడు: "మా చూపులేని అభ్యర్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆడియో లైబ్రరీ యాప్ పంపారు. మెటీరియల్ అంతా అందులో ఉందన్నారు. ఇన్‌స్టాల్ చేశాక యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే, టాక్‌బ్యాక్ లాంటిదే కదా అని ఇచ్చాను. పుస్తకాలు నాలుగైదే ఉన్నాయి. ఇప్పుడు సెట్టింగ్స్ తెరిస్తే దానంతటదే మూసుకుపోతోంది."

తమ్ముడూ, ఇది చదువుతుంటే (వింటుంటే) ఇక్కడే ఆపి ముందు ఫోన్‌లో ఇంటర్నెట్ కట్టేయండి, డేటా, వైఫై రెండూ. సిమ్ తీసేస్తే ఇంకా మంచిది. ఇంట్లో వాళ్ల ఫోన్ తీసుకుని బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అప్పుడే ఉంటుంది. పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా వేరే ఫోన్ నుంచే. మీ ఫోన్‌లో మారిస్తే కొత్తది కూడా ఆ యాప్ వెనకున్న దొంగకి చెప్పినట్టే. ఆ తర్వాత ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో స్టార్ట్ చేయించండి. మీరు దింపుకున్న యాప్‌లు అందులో నడవవు, అప్పుడు ఆ యాప్‌ని తీసేయొచ్చు. అక్కడా మొండికేస్తే ఫ్యాక్టరీ రీసెట్ తప్ప దారి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. యాక్సెసిబిలిటీ అనుమతి అంటే ఏమిటో సెట్టింగ్స్‌లో రాసిన రెండు ముక్కల్లో ఎవరికీ అర్థం కాదు. తెరమీద ఏముందో మొత్తం చదవడం, మీ బదులు నొక్కడం, జరపడం, టైప్ చేయడం, ఇదీ ఆ అనుమతి. టాక్‌బ్యాక్‌కి అది లేకపోతే పని జరగదు, ఎందుకంటే దాని పనే అది. దొంగ యాప్‌కి కూడా సరిగ్గా అదే కావాలి. వచ్చిన ఓటీపీ చదువుతుంది, బ్యాంకు యాప్ తెరుస్తుంది, మీరు దాన్ని తీసేయబోతే మీకన్నా ముందు వెనక్కి బటన్ నొక్కేస్తుంది. మీ సెట్టింగ్స్ మూసుకుపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి.

చూపున్నవాళ్లకి ఈ అనుమతి అడిగితే కొత్తగా ఉంటుంది, కనీసం కొంతమందైనా ఆగుతారు. మీకు అది రోజూ వాడే మాట. చూపులేనివాళ్ల కోసం చేసిన యాప్ అంటున్నారు, యాక్సెసిబిలిటీ అడుగుతోంది, సహజమే అనిపిస్తుంది. దొంగలకి ఈ సంగతి బాగా తెలుసు, మోసం మొత్తం ఆ నమ్మకం మీదే నిలబెట్టారు. కాబట్టి ఒక్కటి గట్టిగా పట్టుకోండి: పుస్తకం వినిపించే యాప్‌కి యాక్సెసిబిలిటీ అనుమతితో పని లేదు. అది ఫైల్ తెరవాలి, శబ్దం రావాలి, అంతే. రాతను చదివి వినిపించాలన్నా ఫోన్‌లో ఉన్న స్పీచ్ ఇంజిన్‌ని వాడుకుంటే చాలు, దానికీ ఈ అనుమతి అక్కర్లేదు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే ఇక ఆలోచించేదేముంది?

ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డం పెట్టారు. ప్లే స్టోర్ నుంచి కాకుండా బయటి నుంచి ఏపీకే ఫైల్‌గా (నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్‌గా) వచ్చిన యాప్‌కి ఈ అనుమతి ఇవ్వబోతే ఆ స్విచ్ పనిచేయదు, 'నియంత్రిత సెట్టింగ్' అని చెబుతుంది. మంచి ఏర్పాటే. కానీ యాప్ సమాచారంలోకి వెళ్లి మూడు చుక్కలు నొక్కి దాన్ని తీసేయొచ్చు, మోసగాళ్లు ఎంతో ఓపిగ్గా, వాయిస్ మెసేజ్‌లో, అన్నా ఇక్కడ నొక్కు, అక్కా అక్కడ నొక్కు అంటూ అదే నేర్పిస్తున్నారు. మామూలు హెల్ప్‌లైన్లకి లేని ఓపిక వీళ్లకుంది. ఎవరైనా మీకు ఆ మూడు చుక్కల దారి చెబుతున్నారంటే ఫోన్ పెట్టేయండి.

అదే గ్రూపులో సభ్యత్వం కోసమని యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, ఆధార్ ఫొటోలు అడిగారని కూడా రాశారు. అసలైన లైబ్రరీ కూడా ధ్రువపత్రం అడుగుతుంది, కాదనను. అది సంస్థ సొంత నమోదు పేజీలోనో, ఆఫీసులోనో ఇవ్వాల్సింది. ఎవరిదో తెలియని వాట్సాప్ నంబరుకి పంపాల్సింది కాదు. గ్రూపు అడ్మిన్‌లకి కూడా ఒక మాట: మంచి ఉద్దేశంతోనే ఫార్వర్డ్ చేశారని తెలుసు, కానీ మీ గ్రూపులో ఏపీకే ఫైళ్లు నిషేధించండి, ఈ రోజే.

అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు అడిగింది వేరు: "ఒక లైబ్రరీ సైట్‌లో లాగిన్ దగ్గర వంకర అక్షరాలు చూసి టైప్ చేయమంటోంది. నాకు కనిపించవు. పక్కన చెవి బొమ్మ నొక్కితే గరగర తప్ప ఏమీ వినిపించదు. ఏదైనా ఉపాయం ఉందా?"

మాస్టారూ, ఉపాయాలున్నాయి, వీడియో కాల్‌లో ఎవరికైనా చూపించడం, ఏఐ యాప్‌తో చదివించడం లాంటివి. కానీ అవి చెప్పడం నాకిష్టం లేదు. చూడలేనివాళ్లు వచ్చే పేజీ తలుపు దగ్గర 'చూసి చెప్పు' అని బోర్డు పెట్టినవాళ్లని వదిలేసి మిమ్మల్ని ఉపాయాలు వెతుక్కోమనడం ఏం న్యాయం? బ్యాంకు కేవైసీలో కళ్లు ఆర్పమనడం కూడా ఇదే తంతు. దాని మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని, కేవైసీ పద్ధతులు మార్చాలని చెప్పింది. తీర్పు వచ్చింది గానీ అప్‌డేట్లు చేసేవాళ్ల అలవాట్లు మారలేదు. నిన్నటిదాకా పేరున్న బటన్ ఈ రోజు అప్‌డేట్ తర్వాత "బటన్, పేరు లేదు" అవుతుంది. ఒకే తెరమీద అలాంటివి ఆరు. అందులో ఏది ప్లే, ఏది డిలీట్? తెర అందంగా మారిందని విడుదల నోట్‌లో రాసుకున్నవాళ్లు ఒక్కసారి కళ్లు మూసుకుని తమ యాప్ తాము వాడి చూస్తే ఆ అప్‌డేట్ బయటికొచ్చేది కాదు.

నిజానికి పుస్తకం వినిపించే ఈ రంగంలో సాంకేతికత ఒకప్పుడు ముందు చూపులేనివాళ్ల కోసమే వచ్చింది. నిమిషానికి ముప్పైమూడూ ఒక మూడోవంతు చుట్లు తిరిగే రికార్డు మార్కెట్లో పాటలతో ఎల్పీగా నిలదొక్కుకున్నది 1948 తర్వాత. అమెరికాలో అంధుల టాకింగ్ బుక్స్ 1934లోనే ఆ వేగంతో వచ్చాయి, ఒక పుస్తకం తక్కువ పళ్లాల్లో పట్టాలని. ఆ కాలంలో పుస్తకాన్ని బట్టి యంత్రం మార్చారు, ఇప్పుడు యంత్రానికి తగ్గట్టు మనిషి మారాలంటున్నారు. మాస్టారి ప్రశ్న ఎక్కడో వదిలేశాను, క్షమించాలి. ఆ సైట్‌వాళ్లకి మెయిల్ రాయండి, ఆ వంకర అక్షరాల క్యాప్చా బదులు ఫోన్‌కి ఓటీపీ పెట్టమనండి. నాకూ కాపీ పంపండి, నేనూ రాస్తాను.

ఆయనే ఇంకో ముక్క అడిగారు, బటన్లున్న డైసీ ప్లేయర్ కొనాలా, ఫోన్ చాలా అని. టచ్‌తో ఇబ్బంది లేకపోతే ఫోన్ చాలు. పెద్ద వయసులో చూపు పోయినవాళ్లకి, వేళ్లు వణికేవాళ్లకి బటన్లున్నదే మేలు, ఖరీదైనా సరే. ఫోన్ వాడితే మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లలోని విషయం కనిపించకుండా సెట్ చేయండి. బస్సులో పుస్తకం వింటుండగా మధ్యలో ఓటీపీని బస్సంతటికీ వినిపించే ఫోన్లు చాలా ఉన్నాయి.

చివరిది హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే ఒకమ్మాయి నుంచి: "చూపులేని డిగ్రీ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం. కాపీరైట్ సమస్యా? ఏ మైక్ కొనాలి?"

మైక్ తర్వాత. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల, 52వ సెక్షన్‌లోని (1)(జెడ్‌బీ) కింద, వైకల్యమున్నవాళ్ల కోసం వాళ్లు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి ఇవ్వొచ్చు, లాభం చూసుకోనంతవరకు. యూట్యూబ్‌లో పెడితే అది అందరికీ ఇచ్చినట్టవుతుంది, ఆ వెసులుబాటు అందరి కోసం కాదు. ఏదైనా సంస్థ ద్వారా, సభ్యులకి మాత్రమే అందేలా ఇవ్వండి. దేశాల మధ్య ఇలాంటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మరాకేష్ ఒప్పందం వచ్చింది, దాన్ని అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. అంటే చట్టం వైపు నుంచి మనకు సాకు లేదు.

ఇక వలంటీర్ల మీద నా ఫిర్యాదు. "న్యూ రికార్డింగ్ 7" అని పేరున్న మూడు గంటల ఫైల్‌లో నాలుగో అధ్యాయం ఎక్కడుందో విద్యార్థి ఎలా వెతకాలి? రేపు పరీక్ష పెట్టుకుని రెండు గంటలు ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చోవాలా? అధ్యాయానికో ఫైల్ చేయండి. పేర్లకి ముందు 01, 02 అని రెండంకెలు పెట్టండి, ఒట్టి 1, 2 పెడితే చాలా ప్లేయర్లలో ఒకటి తర్వాత పది వస్తుంది. పేజీ మారినప్పుడు నంబరు చదవండి, క్లాసులో లెక్చరర్ "45వ పేజీ తీయండి" అన్నప్పుడు ఆ పిల్లలకీ దొరకాలి కదా. పట్టికలు, బొమ్మలు దాటేయకండి, ఏముందో చెప్పండి. వెనకాల వీణ సంగీతం వద్దు. ఫ్యాన్ ఆపండి. ఓపికుంటే డైసీ కన్సార్షియంవాళ్ల ఒబి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, శీర్షికలు, పేజీలు గుర్తుపెట్టి రికార్డు చేయొచ్చు, వినేవాళ్లు నేరుగా ఆ పేజీకే వెళ్లొచ్చు. పుస్తకం ఇప్పటికే యూనికోడ్‌లో టైపై ఉంటే అసలు రికార్డే అక్కర్లేదు, వర్డ్ నుంచి ఈపబ్ (ఈ-బుక్ ఫైల్) చేసి ఇస్తే చాలామంది విద్యార్థులకి అదే హాయి, వెతుక్కోవచ్చు, స్పెల్లింగ్ కూడా తెలుస్తుంది.

ముందు ఒక్క అధ్యాయమే చేయండి. దాన్ని ఆ విద్యార్థుల్లో ఒకరికిచ్చి, రెట్టింపు వేగంతో విని చెప్పమనండి, వాళ్లలో చాలామంది వినేది ఆ వేగంతోనే. మాట స్పష్టంగా తెలిసిందంటే మైక్ కొనే పనే లేదు, మీ ఫోన్ చాలు.