మొక్కజొన్న పొత్తు నిలబడాలంటే సీసా ఎంత లావుండాలి

అడిగింది ఇదీ: "అమెరికా వాళ్ళ ఓహయో సబ్‌మెరైన్‌ని 24 మిస్సైల్ గొట్టాలతో కట్టారు, మన అరిహంత్‌కి నాలుగేనా? అంత చిన్నది కట్టి ఏం లాభం, పెద్దదే కట్టొచ్చు కదా?"

ఈ రెండూ అణు రియాక్టర్‌తో నడుస్తూ అణు మిస్సైళ్ళు మోసే సబ్‌మెరైన్లు. ముందే చెప్పేస్తున్నా, నేను నేవీ మనిషిని కాను. విశాఖలో పుట్టి పెరిగాను, మా మేనమామ సబ్‌మెరైన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు, నా అర్హత అంతే. కానీ ఈ ప్రశ్న చూశాక చెయ్యి ఆగలేదు. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట కిందటి సంక్రాంతి సెలవుల్లో మా వాడు బీచ్ రోడ్డులో వాళ్ళ తాతయ్యని, అంటే మా మావయ్యనే, అడిగాడు.

ఆ రోజు కురుసుర చూడ్డానికి వెళ్ళాం. ఆర్కే బీచ్‌లో ఇసక మీద నిలబెట్టిన పాత రష్యన్ డీజిల్ సబ్‌మెరైన్, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు ఉంటుంది గానీ లోపల అడుగు తీసి అడుగు వేయాలంటే ఒళ్ళు దగ్గరపెట్టుకోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. డెబ్బై దాటిన మావయ్య ముందు కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు పెట్టి పిల్లిలా అవతలికి జారిపోయాడు. నాకు మాత్రం నెత్తి మీద బొప్పి కట్టింది. "ఇలాంటి బంక్‌ని ఇద్దరం వంతులేసుకునేవాళ్ళం, వాడు లేస్తే నేను పడుకోవడం, పక్క చల్లారేదే కాదు" అని ఒక బంక్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. వెనక జనం తోస్తున్నారు, ఫోన్లలో వీడియోలు తీసుకుంటూ.

మా వాడికి అవేవీ పట్టలేదు. "మిస్సైళ్ళేవి తాతా?" అన్నాడు. కురుసురలో మిస్సైళ్ళు ఎక్కడివి, ఉన్నవి పది టార్పెడో గొట్టాలు. ముందు ఆరు, వెనక నాలుగు. టార్పెడో, అంటే నీళ్ళలోనే దూసుకెళ్ళి ఓడల్ని పేల్చేది, పడుకుని పోతుంది కాబట్టి గొట్టాన్ని పొడవునా పడుకోబెడితే సరిపోతుంది. బాలిస్టిక్ మిస్సైల్ అలా కాదు, నిలబడి పైకి పోవాలి. తంటా అంతా అక్కడే మొదలైంది.

బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాం. నా చేతిలో మురీ మిక్చర్, వాడి చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు. అప్పుడడిగాడు, మనదెందుకు చిన్నదని. మావయ్య నా పక్కనున్న లీటరు నీళ్ళ సీసా తీసి గోడ మీద పడుకోబెట్టాడు. "ఇది సబ్‌మెరైనురా. నీ పొత్తు మిస్సైలు. దీంట్లో నిలబెట్టు, సూద్దాం." మా వాడు పొత్తుని సీసాకి అడ్డంగా, నిలువుగా పట్టుకున్నాడు. సగం పైగా బయటే ఉండిపోయింది. "ఏటి సేస్తావిప్పుడు?" "పెద్ద సీసా కొందాం." "కొను, మీ నాన్ననడుగు డబ్బులు." వాడు నా మొహం చూసి, ఇంక లాభం లేదనుకున్నాడేమో, పొత్తుని మధ్యకి విరిచేశాడు. "అదీ! డీఆర్‌డీవో వాళ్ళు సేసిందదే" అని ఆ రెండో ముక్క తీసుకుని తనే తినడం మొదలుపెట్టాడు.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఆ విరిచిన పొత్తే. అరిహంత్ లావు 11 మీటర్లు. నేల మీంచి వదిలే మన అగ్ని-3 మిస్సైల్ పొడవు 17 మీటర్లు. ఎలా నిలబెడతారు? అందుకే దాదాపు అంతే దూరం వెళ్ళేలా 12 మీటర్ల పొట్టి మిస్సైల్ చేశారు, అదే కె-4, సుమారు 3,500 కిలోమీటర్లు పోతుంది. 12 కూడా 11లో పట్టదు కదా అంటారేమో, ఫొటోల్లో దాని వీపు మీద గూని కనిపిస్తుంది చూడండి, అది అందుకే. మనమేదో చిన్నవి ముద్దొచ్చి కట్టలేదు. మిస్సైల్ ఎత్తూ రియాక్టర్ బలమూ కలిసి సైజు తేల్చాయి.

రియాక్టర్ సంగతి ఎవరూ మాట్లాడరు. అరిహంత్‌లో ఉన్నది 83 మెగావాట్లది, అది బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ చలవ, ముందు కల్పాక్కంలో నేల మీద నమూనా నడిపి చూసి ఆ తర్వాత ఓడలో పెట్టారు. దానితో 6,000 టన్నుల ఓడని లాగొచ్చు. ఇంకో వెయ్యి టన్నులు పెంచి, గొట్టాలు నాలుగు నుంచి ఎనిమిది చేసి మొదటి రెండింటి తర్వాతి జత కట్టారు, అదీ పర్లేదు. అదే రియాక్టర్‌తో ఓహయో అంత ఓడ, అంటే పైన తేలుతున్నప్పుడే 16,000 టన్నుల పైచిలుకు, లాగమంటే ఆటో ఇంజన్‌తో లారీ నడపమన్నట్టే.

ఇక నాలుగు గొట్టాల గొడవ. ఒక్కో గొట్టంలో ఒక కె-4 గానీ, దానికంటే చిన్నవైన కె-15 మిస్సైళ్ళు మూడు గానీ పడతాయి. కాబట్టి నాలుగు పెద్దవా, పన్నెండు చిన్నవా అన్నదే మన ముందున్న ఎంపిక. ఇంటర్నెట్‌లో సగం మంది పన్నెండే గొప్ప అంటారు, లెక్క పెద్దది కదా! నేనైతే నాలుగే అంటాను, కళ్ళు మూసుకుని. కె-15 పోయేది 750 కిలోమీటర్లు. అంటే అవతలివాడి తీరం పక్కకెళ్ళి, వాడి ఓడలూ విమానాలూ తిరిగే చోట నక్కాలి. కె-4 ఉంటే విశాఖ ఎదురుగా మన సముద్రంలోనే ఉండి ఇస్లామాబాద్‌ని అందుకోవచ్చు, అది ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల దూరం. దూరం నాలుగున్నర రెట్లు పెరిగితే శత్రువు వెతకాల్సిన సముద్రం నాలుగున్నర రెట్లు పెరగదు, ఇరవై రెట్లు పెరుగుతుంది. మధ్యలో వచ్చే నేలని తీసేసినా బోలెడు మిగులుతుంది. దాక్కోవడమే ఉద్యోగమైన ఓడకి అంతకంటే ఏం కావాలి?

కాకపోతే బీజింగ్ విషయంలో కె-4 కూడా చాలదు. విశాఖ నుంచి బీజింగ్ నాలుగు వేల కిలోమీటర్లు. 3,500 తో కొట్టాలంటే బంగాళాఖాతం పైకొసకి, గంగ ఒండ్రు పేరుకుని లోతు తక్కువున్న వైపు ఎక్కాలి. మన విశాఖ తీరానికున్న సుఖమే వేరు, కాస్త దూరం పోతే చాలు సముద్రం గోతిలోకి దిగిపోతుంది. ఆ సుఖం వదులుకుని పైకి పోవడం ఎందుకు? 5,000 కిలోమీటర్లు పోయే మిస్సైల్ ఉంటే ఇంటి ముందే కూర్చోవచ్చు. ఎస్-5 అని తర్వాతి తరానికి 13,000 టన్నుల పైమాట, 190 మెగావాట్ల రియాక్టర్ అని వార్తలు వస్తున్నది అందుకే. అక్కడ పెద్దది కావాల్సిందే, నేనూ ఒప్పుకుంటా. అప్పుడు కూడా 12 గొట్టాలో 16 గొట్టాలో చాలు. ఫ్రాన్స్ వాళ్ళు 16తోనే నెట్టుకొస్తున్నారు, వాళ్ళకేమైనా నిద్ర పట్టడం లేదా?

పెద్దదంటే గొప్పదనుకునేవాళ్ళు రష్యా వాళ్ళ టైఫూన్ సంగతి చూడండి. టీవీలో ఒకాయన చెయ్యి ఊపుకుంటూ "48,000 టన్నులు! మనది ఆరు వేలే!" అని అరుస్తాడు. ఆ 48,000 నీళ్ళలో మునిగినప్పటి లెక్క, పైన తేలుతున్నప్పుడు దాంట్లో సగమే. ఒక దేశానిది మునిగిన లెక్కా ఇంకో దేశానిది తేలిన లెక్కా పక్కపక్కన పెట్టి ఊగిపోవడం మన ఛానెళ్ళకి రోజూ ఉండే పనే. అయినా టైఫూన్ అంత పెద్దది ఎందుకయింది? దాని మిస్సైల్ ఒక్కోటీ 90 టన్నుల దాకా తూగేది, అలాంటివి ఇరవై మోయాలి. మిస్సైల్‌ని చిన్నది చేయలేక ఓడని పెంచారు, పొత్తు విరవలేక డ్రమ్ము కొన్నట్టు. ఆరు కట్టారు, చివరిది కూడా 2023లో మూలపడింది.

అసలు నేను చెప్పాలనుకున్నది సైజు గురించి కాదు, ఎన్ని ఓడలున్నాయన్న లెక్క గురించి. మనం ముందుగా అణుబాంబు వేయం అన్నది మన విధానం, 2003లో అధికారికంగా ప్రకటించాం. అలాంటప్పుడు మొదటి దెబ్బ మనమే తినాలి, తిన్నాక తిరిగి కొట్టడానికి ఏదో ఒకటి నీళ్ళలో బతికుండాలి. ఒకటి గస్తీలో ఉంటే ఇంకొకటి ఇంటికి తిరిగొస్తూ ఉంటుంది, మూడోది మరమ్మతుల్లో ఉంటుంది. ఒకటి ఎప్పుడూ బయట ఉండాలంటే కనీసం మూడు, నాలుగైతే నిశ్చింత. ఒక్కటే కట్టి దాంట్లో 24 పెడితే, అది రేవులో ఉన్న రోజు 24కి విలువ సున్నా. అరిహంత్ 2009 జులై 26న కొబ్బరికాయ కొట్టించుకుని నీళ్ళలోకి దిగింది, సర్వీసులోకి వచ్చింది 2016లో. రెండోది, అరిఘాత్, 2024 ఆగస్టులో. ఆ నవంబరులోనే దాన్నుంచి కె-4 పరీక్షించారు. రెంటి మధ్య ఎనిమిదేళ్ళు! నన్నడిగితే టెన్షన్ పడాల్సింది గొట్టాల సంఖ్య చూసి కాదు, ఈ ఎనిమిదేళ్ళు చూసి.

పైగా వీటికి కాపలా కాసే, శత్రువు ఓడల్నీ సబ్‌మెరైన్లనీ వేటాడే అణు అటాక్ సబ్‌మెరైన్ మన సొంతది ఒక్కటీ లేదు. అద్దెకి తెచ్చిన చక్రని 2021లో రష్యాకి తిరిగిచ్చేశాం. సొంతంగా రెండు కట్టడానికి 2024 అక్టోబరులో కేంద్రం ఒప్పుకుంది. అదేదో పదేళ్ళ ముందే కట్టడం మొదలుపెట్టి ఉంటే ఎంత బాగుండేది. సరే, ఇది మీరడగలేదు.

ఇవన్నీ మావయ్య చెప్పినవనుకునేరు. కాదు, ఆయన అరిహంత్ గురించి ఎంత గుచ్చినా "పేపర్లో సదూకో" అంటాడు, అంతే. సీసా, పొత్తు దాటి ఒక్క ముక్క రాలలేదు. ఆ రోజు లేచేటప్పుడు మా వాడు మళ్ళీ పట్టుకున్నాడు, "నీకు ఏది కావాలో ఎంచుకోమంటే, ఓహయోనా, టైఫూనా, అరిహంతా?" అని. మావయ్య చేతులు దులుపుకుని కురుసుర వైపు ఒకసారి చూశాడు. "అణుదేదైనా పర్లేదురా. దాంట్లో కరెంటుకి కరువుండదు, సముద్రం నీళ్ళే మంచినీళ్ళు చేసుకోవచ్చు. రోజూ తానం సెయ్యొచ్చు."