ఏడో భాగం నుంచి మొదలుపెట్టు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే టెన్షన్ పడుతున్నావని తెలిసింది. సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరు 250 మార్కులది. అందులో అరిస్టాటిల్ వస్తే ‘సద్గుణమంటే రెండు అతుల మధ్య ఉండేది’ అని రాసి ఊరుకుంటున్నానన్నావు. ఆ వాక్యం పక్క బెంచీ వాడూ రాస్తాడు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఈ ఉత్తరం.

అరిస్టాటిల్ నీతి గురించి చెప్పిన పుస్తకం ‘నికోమాకియన్ ఎథిక్స్’ మొత్తం పది భాగాలు. అందరూ మొదటిది తెరిచి, ఆనందమంటే ఏమిటన్న చర్చలోనే అలిసిపోతారు. నువ్వు ఏడోదానితో మొదలుపెట్టు. మనలాంటి వాళ్లు కనిపించేది అక్కడే.

పెళ్లి పంక్తిలో నలుగురు కూర్చున్నారనుకో. నలుగురికీ షుగరే. మొదటివాడు ఒక బూరె ఇష్టంగా తిని లేస్తాడు, రెండోదాని మీదికి మనసే పోదు. రెండోవాడికి నోరు ఊరుతూనే ఉంటుంది, అయినా విస్తరి మడిచేస్తాడు. మూడోవాడు వద్దు వద్దనుకుంటూనే నాలుగు లాగించి, చెయ్యి కడుక్కునేటప్పుడు తనను తాను తిట్టుకుంటాడు. నాలుగోవాడు తినడమే సుఖమని నమ్మి తింటాడు, ఏ బాధా ఉండదు. గ్రీకులో ఈ నాలుగు స్థితులకూ వరసగా సోఫ్రొసూనే, ఎంక్రటేయా, అక్రసియా, అకొలాసియా అని పేర్లు.

మనం ఎవర్ని మెచ్చుకుంటాం? రెండోవాణ్ణి. ‘అబ్బ, ఎంత నిగ్రహం!’ అంటాం. అరిస్టాటిల్ మాత్రం అతనికి రెండో స్థానమే ఇస్తాడు. మంచి పని చేయడంతో సరిపోదు, అది చేస్తున్నప్పుడు మనసుకు హాయిగా ఉండాలి, అప్పుడే అది గుణం అయినట్టు అంటాడు. పళ్లు బిగించి చేసేవాడి లోపల ఇంకా తగాదా నడుస్తోంది. ఆనందానికి ఆయన వాడిన యుడైమోనియా అన్న మాట కూడా ఇక్కడే అర్థమవుతుంది. అది ఒక పూట కలిగే సంతోషం కాదు, బతుకంతా బాగా నడవడం. ఒక్క స్వాలో పిట్ట కనిపిస్తే వసంతం వచ్చేసినట్టు కాదని ఆయన చెప్పింది అందుకే.

దీన్ని కేస్ స్టడీలో వాడుకో. ఒక అధికారికి లంచం మీద ఆశ పుట్టింది, తమాయించుకున్నాడు. ఇంకొకడికి ఆ ఆలోచనే రాలేదు. ఎవరు గొప్ప? కష్టపడ్డాడు కాబట్టి మొదటివాడే అని చాలామంది రాస్తారు. అరిస్టాటిల్ రెండోవాడంటాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ అయితే, మనసు మొగ్గకపోయినా కర్తవ్యమని చేసినప్పుడే ఆ పని నైతిక విలువ స్పష్టంగా తెలుస్తుందంటాడు. ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టు, జవాబులో పస ఉంటుంది.

ఇక పంక్తిలోని మూడోవాడు. తెలిసి తెలిసి ఎవరూ తప్పు చేయరని ప్లేటో రాసిన ‘ప్రొటాగొరస్’ అనే సంభాషణలో సోక్రటీసు వాదిస్తాడు. కళ్లముందు కనిపిస్తున్నదానికి ఇది పొసగదే అని అరిస్టాటిల్ అభ్యంతరం. తెలియడంలోనే రకాలున్నాయంటాడు. తాగినవాడు పాత గ్రీకు తత్వవేత్త ఎంపెడొక్లీస్ పద్యాలు గడగడా అప్పజెప్పినట్టు, కోరిక కమ్మినప్పుడు మనం చెప్పే నీతులు నోట్లోనే ఉంటాయట. నా సంగతే చూడు. పదింటికి క్లాసులో ఈ అధ్యాయం చెప్పి, పదకొండింటికి క్యాంటీన్ వెనక సిగరెట్ వెలిగించేవాణ్ణి! అలా ఎన్నేళ్లో. చివరికి మానింది పాఠం వల్ల కాదు, రిటైరయ్యాక ఆ క్యాంటీన్‌కు వెళ్లే పని లేక. ఇప్పటికీ ఎవరైనా వెలిగిస్తే ముక్కు అటే తిరుగుతుంది. అంటే ఇంకా రెండోవాణ్ణే.

అయితే మూడోవాడికి ఆశ ఉంది. బాధపడతాడు కాబట్టి బాగుపడతాడు. నాలుగోవాడి జబ్బు జలోదరం, క్షయల్లా ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటుందనీ, మూడోవాడిది మూర్ఛలా వచ్చిపోయేదనీ పోలిక చెప్పాడు. వైద్యుడి కొడుకు కదా, ఇలాంటి ఉపమానాలు చాలా ఉంటాయి.

గీతతో పోల్చాలని ఉందా? రెండో అధ్యాయంలో ‘రసవర్జం’ శ్లోకం చూడు. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమైనా వాటి మీద రుచి పోదంటుంది. అది మన రెండోవాడే. కానీ అక్కడి నుంచి దారులు విడిపోతాయి. అరిస్టాటిల్ రుచిని పోగొట్టుకోమనడు, సరైనదాని మీదికి మళ్లించమంటాడు. అది చెప్పకుండా ‘ఇద్దరూ ఒకటే చెప్పారు’ అని మాత్రం రాయకు, నాకు ఒళ్లు మండుతుంది. అలాగని అరిస్టాటిల్‌ని మహాత్ముణ్ణీ చేయకు. తన ఇంకో పుస్తకం ‘పాలిటిక్స్’లో బానిసత్వాన్ని సమర్థించిన మనిషే.

రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. డాక్టరు చెప్పింది శ్రద్ధగా విని ఏదీ పాటించని రోగుల గురించి రెండో భాగంలో ఒక మాట ఉంది. అదే భాగం చివర్లో, వంకర కర్రను సరిచేయాలంటే అవతలి వైపుకు వంచాలంటాడు. కాబట్టి కాస్త తగ్గిస్తానని ఒట్లు పెట్టుకోకు. నెల రోజులు తొమ్మిదింటికల్లా ఫోన్ అమ్మకిచ్చెయ్. మొదట చిరాకు పుడుతుంది, పుట్టనీ.

ఏడో భాగంలో మూడో అధ్యాయం అయ్యాక ఫోన్ చెయ్యి. తొమ్మిదిలోపే. ఆవకాయ జాడీ పంపుతోంది మీ అత్తయ్య. నాకు బీపీ అని ఇంట్లో ఉంచనివ్వడం లేదులే.

మీ మామయ్య