ఈఎండీ కట్టలేమని టెండర్ వదులుకోకండి

ప్రశ్న: కాజీపేటలో నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. నలుగురం కలిసి స్కూలు బెంచీలు, ర్యాకులు చేస్తాం. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) డ్యూయల్ డెస్కులకు టెండర్ పిలిచింది. 60 వేల ఈఎండీ (టెండర్‌తో పాటు ముందుగా కట్టే ధరావతు), మూడేళ్ల అనుభవం అడుగుతున్నారు. మాలాంటివాళ్లకు దారి ఉందా? గెలిచినా బిల్లు ఎప్పుడొస్తుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: దారి ఉంది. ముందు మీ ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం) తీసి చూడండి. 'మేజర్ యాక్టివిటీ' అన్నచోట మాన్యుఫాక్చరింగ్ అని ఉందా, ట్రేడింగ్ అని ఉందా? నా దగ్గరికొచ్చిన ఒకాయన హనుమకొండలో సొంత షెడ్డులో బీరువాలు చేస్తాడు. నెట్ సెంటర్‌లో ఎవరో ట్రేడింగ్ అని నొక్కేశారు. ఈఎండీ మినహాయింపు వ్యాపారులకు లేదంటూ ఆయన బిడ్ పక్కన పెట్టారు. ఏళ్ల తరబడి వెల్డింగ్ పొగ పీల్చిన మనిషికి ఇలా జరగడం నన్ను చాలా బాధపెట్టింది. మీ దాంట్లోనూ తప్పుంటే బిడ్ వేయకముందే మార్పించుకోండి. ఉద్యమ్ పోర్టల్‌లో దీనికి ఫీజు లేదు.

కేంద్రం 2012లో తెచ్చిన కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, రామగుండం ఎన్టీపీసీ లాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే సరుకులు, సేవల్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. మీకు ఈఎండీ మినహాయింపు కూడా దీని కిందే వస్తుంది. ధర విషయంలోనూ ఒక వెసులుబాటు ఉంది. పెద్ద కంపెనీ డెస్కుకు 4,000 వేసి ఎల్1 (అందరికంటే తక్కువ ధర వేసినవాళ్లు) అయిందనుకుందాం. మీ రేటు 4,600 లోపు ఉంటే, అంటే 15 శాతం తేడాలో ఉంటే, 4,000కే ఇస్తానని ఒప్పుకుని ఆర్డర్‌లో కనీసం నాలుగో వంతు పొందవచ్చు. ఆ రేటుకు గిట్టుబాటవుతుందా అన్నది ముందే లెక్క వేసుకోండి.

అనుభవం సంగతి వేరు. దాన్ని సడలించడం కొనేవాళ్ల ఇష్టం. బిడ్ కాగితంలో ఎంఎస్ఈలకు (సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు) అనుభవం, టర్నోవర్ సడలింపు ఉందో లేదో రాసి ఉంటుంది. లేదని ఉంటే గడువులోపే పోర్టల్‌లో రాతపూర్వకంగా అడగండి. బిడ్ తెరిచాక అడిగితే లాభం లేదు. రాష్ట్ర శాఖల టెండర్లకు, సివిల్ పనులకు ఈ 2012 విధానం వర్తించదు. అక్కడ ఆ టెండర్ షరతులే చూసుకోవాలి.

బిల్లుకు మాత్రం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) గట్టి అండ. ఒప్పందంలో ఏం రాసుకున్నా, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. కట్టకపోతే ఆన్‌లైన్‌లో మన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (ఇలాంటి బకాయి తగాదాలు తీర్చే మండలి) ఫిర్యాదు చేయవచ్చు, కొన్న సంస్థ ఢిల్లీలో ఉన్నా సరే. కౌన్సిల్ తీర్పు మీకు అనుకూలంగా వస్తే, దాన్ని సవాలు చేయడానికి అవతలివాళ్లు 75 శాతం సొమ్ము ముందు కోర్టులో జమ చేయాలి.

ఈ రోజుల లెక్కంతా డెలివరీ చలానా (సరుకు అప్పగించిన రసీదు) మీదే ఆధారపడుతుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. అందుకే డెస్కులు దింపగానే చలానా మీద సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకున్నాకే ట్రాలీ వెనక్కి తిప్పండి.