పదకొండు మందికి వండిందెవరు?

అమ్మా,

నీ నవల రాతప్రతి చేరింది. ఇరవై రెండేళ్లని రాశావు కాబట్టి 'నువ్వు' అనే అంటాను, ఏమనుకోకు.

నాలుగో అధ్యాయంలో నీ సంధ్య తమ్ముణ్ణి తిడుతుంది చూడు, "తిన్న పళ్లెం ఎవడు తీస్తడు, మీ తాతనా?" అని. అచ్చం మొదటి అధ్యాయంలో వాళ్లమ్మ తిట్టిన తిట్టే. అమ్మ మాయమై నాలుగు నెలలైంది, తిట్టు మాత్రం ఇంట్లోనే ఉంది. అక్కడ కాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆ ఒక్క వాక్యం రాసినదానివి కాబట్టే ఈ ఉత్తరం. ఇక్కణ్ణుంచి మిగతాదంతా కోపం.

నీ కథలో ఒక పొద్దున పదహారేళ్లు దాటినవాళ్లంతా మాయమయ్యారు. మెహిదీపట్నం అపార్ట్‌మెంటులో పదకొండు మంది పిల్లలు మిగిలారు. సరే, ఒప్పుకున్నాను. మూడో వారం తిరిగేసరికి రెండు ముఠాలు, కత్తులు, ఫ్లైఓవర్ మీద రక్తం. అదీ ఒప్పుకుందును. కానీ ఈ పదకొండు మంది పొద్దున లేచి ఏ నీళ్లతో మొహం కడుక్కున్నారమ్మా? మూడో నెలలో సంధ్య కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయని రాశావు. హైదరాబాద్ తాగే నీళ్లు ఎక్కువ భాగం ఊళ్లో పుట్టినవి కావు. కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో రావాలి, దారి పొడుగునా మోటార్లు ఎత్తిపోయాలి. మోటారుకు కరెంటు కావాలి. కరెంటుకు బొగ్గు కావాలి, కంట్రోల్ రూములో కళ్లు తెరుచుకుని కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషి మాయమైతే గ్రిడ్ ఎన్ని గంటలు నిలుస్తుంది? పైన ట్యాంకులో ఉన్నవి అయిపోయాక బోరు కూడా కరెంటుదే. అప్పుడు పిల్లలు చేతిపంపు ఎక్కడుందా అని బస్తీలన్నీ వెతకాలి. ఆ వెతుకులాట ఒక అధ్యాయం. నువ్వు దాన్ని రాయలేదు.

బియ్యం సంగతి ఇంకా ఘోరం. 25 కిలోల బస్తా ఒక్కటి రెండు నెలలు తిన్నారట. తలకు రోజుకు 400 గ్రాములు వేసుకో, ఆరో రోజుకు బస్తా దులుపుకోవాలి. ఎదిగే పిల్లలు, అంతకంటే తక్కువ తినరు. 14.2 కిలోల సిలిండరు మీద పదకొండు మందికి రెండు పూటలా వండితే అదీ ఎన్నాళ్లో రాదు. ఆ తర్వాత కట్టెలు. అపార్ట్‌మెంటులో కట్టెలెక్కడివి? మంచాలు, బీరువాలు, ఆఖరికి తలుపులు. మొదట ఎవరింటి తలుపు విరగ్గొట్టాలి? అమ్మానాన్న తిరిగొస్తారని ఇంకా నమ్ముతున్న పిల్ల ఇంటిదా, ఆశ వదిలేసుకున్నవాడి ఇంటిదా? నీకు గొడవే కావాలనుకుంటే అసలు గొడవ అక్కడుంది. కత్తి అక్కర్లేదు.

నాది పాలమూరు. దీపావళి వెళ్లగానే మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సుకు కట్టుబడి అమ్మా నాయనా బొంబాయి బస్సెక్కేవాళ్లు. మళ్లీ తొలకరికే రావడం. ఇంట్లో చూపు ఆనని అవ్వ, పదమూడేళ్ల అక్క, నేను, చెల్లె. వంటంతా అక్కదే. గంజి వంపేటప్పుడు చేతుల్లో బలం చాలక గిన్నెను మోకాలికి ఆనించి, మూత మీద పాతగుడ్డ వేసి నొక్కిపట్టేది. ఒకనాడు మూత జారి, సలసల మరిగే గంజి మణికట్టు మీద పడింది. అరవలేదు. ముందు గిన్నెను నిలబెట్టి, అన్నం నేలపాలు కాలేదని చూసుకుని, అప్పుడు చెయ్యి నీళ్లకుండలో ముంచింది. ఆ రాత్రి తాగడానికి గంజి లేదని చెల్లె మారాం చేస్తే దాన్ని కొట్టింది. కొట్టి తనూ ఏడ్చింది. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు, కానీ అవి వచ్చేనాటికి మేం పెద్దవాళ్లమైపోయాం.

ఇదంతా నా మొదటి నవలలో రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు, పేరెందుకులే, "వంటింటి సంగతులు ఆడవాళ్ల పేజీకి బాగుంటాయండీ, సీరియల్‌కి వారం వారం ఒక ముడి పడాలి" అని ఆ పేజీలన్నీ కొట్టేశాడు. వాటి బదులు ఇంట్లో దొంగ పడాలన్నాడు. మా ఇంట్లో దొంగకు ఏం దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. ఆ జాతి ఇంకా అంతరించలేదు. అప్పట్లో వారానికో ముడి అడిగేవాళ్లు, ఇప్పుడు మూడు భాగాలు అడుగుతున్నారు, అంతే తేడా.

గోల్డింగ్‌ను చదివే ఇది రాశానన్నావు. దీవిలో చిక్కుకున్న బడిపిల్లలు ఒకర్నొకరు చంపుకునేదాకా పోయే ఆయన ఇంగ్లిష్ నవల 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్', 1954లో వచ్చింది, దానికి నేనూ దణ్ణం పెడతాను. ఆయన బడిపంతులు, పిల్లల్ని దగ్గర్నుంచి ఎరిగినవాడు. అయినా ఆయన దీవి ఊహలోది. నిజం దీవి ఒకటుంది, విను. 1965లో పసిఫిక్‌లోని టోంగాలో ఆరుగురు హాస్టలు పిల్లలు చదువు మీద విసుగెత్తి, ఒకాయన పడవ ఎత్తుకుని సముద్రం మీదికి పోయారు. తుఫానుకు తెరచాప చినిగి, చుక్కాని విరిగి, ఎనిమిది రోజులు కొట్టుకుపోయి అటా అనే దిక్కులేని దీవికి చేరారు. అక్కడ ఏడాదికి పైగా బతికారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు: తోట ఒక జంటకు, వంట ఒక జంటకు, కాపలా ఒక జంటకు. మానుల్ని తొలిచి వాననీళ్లు పట్టారు. రాజేసిన నిప్పును ఆరనివ్వలేదు. ఇద్దరికి మాటా మాటా పెరిగితే చెరో దిక్కుకూ పంపించి, చల్లారాక కలిపేవాళ్లు. ఒకడి కాలు విరిగితే కర్రలూ ఆకులూ పెట్టి కట్టు కట్టారు, అతుక్కుంది. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా ఆయన అటుగా పోతూ చూసి ఒడ్డుకు చేర్చాడు. ఊరికి రాగానే పోలీసులు ఆ ఆరుగురినీ లోపలేశారు, పడవ దొంగతనం కింద! పెద్దల లోకం పలికిన స్వాగతం అదీ. నువ్వు రాసిన ముగింపులో సైన్యం పూలదండలతో వస్తుంది.

ఆ దీవి గురించి నన్ను పట్టుకున్న సంగతి ఇంకోటుంది. 1863లో బానిసల ఓడ ఒకటి వచ్చి ఆ దీవిలోని మనుషుల్ని ఎత్తుకుపోయింది. మిగిలినవాళ్లను రాజు వేరే దీవికి తరలించాడు. వాళ్లు నాటిన అరటి, చేమ, వదిలేసి వెళ్లిన కోళ్ల సంతతి నూరేళ్ల తర్వాత కూడా ఆ దీవి మీదే ఉన్నాయి. పిల్లలు తిన్నది అవే. 2023లో కొలంబియాలో విమానం కూలి తల్లి పోతే నలుగురు పిల్లలు, అందులో చిన్నదానికి ఏడాది కూడా నిండలేదు, అమెజాన్ అడవిలో 40 రోజులు బతికారు. పదమూడేళ్ల పెద్దపిల్లకు ఏ కాయ తినొచ్చో, ఏది తినకూడదో తెలుసు. వాళ్లమ్మమ్మ నేర్పింది.

నేను మొండిగా చెప్పేది ఇదే. పెద్దవాళ్లను మాయం చేస్తూ ఒక్క వాక్యం రాస్తే వాళ్లు పోరు. నేర్పిన పనిలో ఉంటారు, నేర్పకుండా వదిలేసిన పనిలో ఇంకా ఎక్కువ ఉంటారు. నీ పదకొండు మందిలో పొయ్యి రాజేయడం ఎవరికొచ్చు? పనిమనిషి కూతురు రేణుక ఒక్కదానికే వచ్చి ఉండాలి. ఆ పిల్లను నువ్వు ఇరవయ్యో పేజీలో జ్వరంతో చంపేశావు! అపార్ట్‌మెంటు పిల్లలంతా ఆమె చేతి కింద బతకాల్సిన రోజులు నీ నవలలో ఉండాలమ్మా. ఆమెను లేపు. నాయకత్వం ఎవరిదని ముఠాలు కొట్టుకోవడం మానేసి, ఆ పిల్ల చెప్పిన మాట వినడానికి ఎవడు ఎన్నాళ్లు మొరాయిస్తాడో చూడు.

బూతులు ఉంచాలా తీసేయాలా అన్నావు, ఉంచు. ఇంగ్లిష్‌లో రాస్తే ఎక్కువమంది చదువుతారేమో అన్నావు, దాని గురించి నాతో మాట్లాడకు. ప్రచురణకర్తల పేర్లు నన్నడిగి లాభం లేదు. చందమామ వయసు దాటి, పెద్దల నవల వయసుకు ఇంకా రాని పిల్లలకు తెలుగులో పుస్తకాల అర ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలియదు.

రెండో భాగం మొదలుపెట్టానన్నావు. ఆపెయ్. ముందు రేణుకతో ఇది తిరగరాయి. అయ్యాక ఒకవైపే ప్రింటు తీసి, అక్షరం కాస్త పెద్దది పెట్టి పోస్టులో పంపు. ఫోన్లో చదవమంటే చదవను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన